సగానికి సగం కలిపిన నూనె

నేను ఒక వంపు గాజు గొట్టాన్ని. నిలబెడితే జానెడున్నర ఎత్తు. చేతులు రెండూ పైకెత్తిన మనిషిలా ఉంటానని కొందరన్నారు, జడపిన్నులా ఉంటానని కొందరన్నారు. నా కుడి చేతిలో చిన్న బుడగ ఉంది. బుడగకు పైన ఒక గీత, కింద ఒక గీత. ఆ కింద సూది దూరేంత సన్నని దారి. నా బతుకంతా ఆ రెండు గీతల మధ్యే గడిచింది.

నా పని చెప్పుకోవడానికి తేలిక. నన్ను నలభై డిగ్రీల వెచ్చని నీళ్ళతొట్టిలో నిలబెట్టి, నూనె పోసి, దాన్ని పై గీత దాటేదాకా పీల్చి వదిలేస్తారు. పై గీత నుంచి కింది గీతకు దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం పట్టుకుని చూస్తారు. నా విషయంలో ఆ సెకన్లను పదితో భాగిస్తే చాలు, నూనె చిక్కదనం తేలిపోతుంది. పుస్తకాల్లో దీన్ని స్నిగ్ధత అంటారు. పుస్తకాలు తెరవనివాళ్ళు చిక్కన, పల్చన అంటారు. నూనె మాత్రం ఎవరేమన్నా తన వేగంతో తాను దిగుతుంది.

నన్ను మద్రాసులో ఊదారు. ఊదినాయన నన్ను చల్లార్చి, చిక్కదనం ముందే తెలిసిన నూనెలు నాలో పోసి మూడు రోజులు పరీక్షించాడు. నాలుగో రోజు నా ఒంటి మీద 417 అని చెక్కి, దూది పరిచిన చెక్కపెట్టెలో పడుకోబెట్టాడు. అలా నేను రైలెక్కి విశాఖపట్నం చేరాను. అది డెబ్బై ఏడో సంవత్సరం. మోటారు పడవల ఇంజన్లకు నూనెలు కలిపి అమ్మే ఓ చిన్న కర్మాగారం నన్ను కొన్నది. అక్కడ నన్ను మొదట పట్టుకున్న చెయ్యి ఇజ్జాడ రత్నప్రభది.

రత్నప్రభ విజయనగరంలో బీయస్సీ చదివింది. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఆ కర్మాగారంలో ఉద్యోగం చేసిన మొదటి ఆడమనిషి. ఆమె చేరిన రోజున ఆమె కూర్చోవడానికి కుర్చీ ఎక్కడ వెయ్యాలన్న విషయం మీద మగవాళ్ళు నలుగురు అరపూట చర్చించుకున్నారు. ఆమె ఆ అరపూటా నిలబడే నన్ను కడిగింది. కడగడంలో ఆమెకున్న ఓపిక నేను మరొకరిలో చూడలేదు. నాలో ఒక్క నలుసు మిగిలినా సన్నదారి ఇరుకైపోతుంది, అంకె తప్పుతుంది. ఆమె నన్ను దీపానికి ఎదురుగా పెట్టి, ఒక కన్ను మూసి చూసి, నచ్చకపోతే మళ్ళీ కడిగేది.

కింద నూనెలు కలిపే తొట్టెల దగ్గర గరికిన పోలయ్య మేస్త్రీ ఉండేవాడు. యాభై ఏళ్ళు పైబడ్డ మనిషి. జాలరిపేటవాడు. కుర్రతనంలో వేటకు వెళ్ళి, మోకాలు దెబ్బతిని, నేలమీద పనికొచ్చాడు. అతనికి అక్షరం ముక్క రాదు. తొట్టిలో రెండు వేళ్ళు ముంచి, బొటనవేలితో రుద్ది, వేళ్ళు విడదీసి, మధ్యన సాగే తీగ చూసి చిక్కదనం చెప్పేవాడు. నేను పద్దెనిమిది నిమిషాలు తీసుకుని చెప్పేది అతను మూడు క్షణాల్లో చెప్పేసేవాడు. నాకు మొదట్లో కొంచెం కష్టంగానే ఉండేది. తరవాత గౌరవం కలిగింది.

ఇక అసలు జరిగింది చెబుతాను.

డెబ్బై ఎనిమిది చివర్లో తుపాను వచ్చింది. పది రోజులు పడవలన్నీ రేవులోనే కట్టేసి ఉన్నాయి. వాన వెలిసేసరికి పడవలవాళ్ళందరికీ ఒక్కసారే నూనె కావలసి వచ్చింది. వాళ్ళ ఇంజన్లకు నూట పది చిక్కదనం ఉన్న నూనె పోయాలి. మామూలుగా అది కలపడానికి వాడే మూలనూనె మద్రాసు నుంచి రాలేదు, దారిలో పట్టాలు కొట్టుకుపోయాయి. గోదాములో ఉన్నవి రెండే రకాలు. ఒకటి చిక్కనిది, రెండు వందలు. రెండోది పల్చనిది, ఇరవై.

మేనేజరు వడ్డాది ధర్మారావు గారు మెట్లెక్కి ప్రయోగశాలకు వచ్చాడు. మంచివాడే. కాకపోతే తొందర ఎక్కువ. తొందరలో ఉన్న మనిషికి తేలికైన లెక్క దేవుడిచ్చిన వరంలా కనిపిస్తుంది.

"రెండు వందలూ ఇరవై, రెండొందల ఇరవై. సగం చేస్తే నూట పది. మనకి కావలసింది నూట పది. సగానికి సగం కలిపెయ్యడమే కదమ్మా?" అన్నాడు.

రత్నప్రభ కాగితం మీద వేసి చూసింది. లెక్క ఎంత ముచ్చటగా కుదిరిందంటే, దాన్ని అనుమానించడం అమర్యాద అనిపించేలా ఉంది.

"అంతే సార్. అయినా కలిపాక ఒకసారి కొలిచి చూస్తాను" అంది.

కొలవడానికి కరెంటు లేదు. తుపానుకు స్తంభాలు పడిపోయాయి. కరెంటు లేకపోతే నీళ్ళతొట్టి నలభై డిగ్రీల దగ్గర నిలవదు. తొట్టి నిలవకపోతే నా మాటకు విలువ లేదు, ఎందుకంటే నూనె వేడికి పల్చబడుతుంది, చలికి చిక్కబడుతుంది. సోమవారం నూనె కలిపారు. మంగళవారం మధ్యాహ్నానికి డ్రమ్ములు లారీ ఎక్కాలి. ప్రతి సరుకుతోనూ చిక్కదనం ఇంత అని రాసిన కాగితం వెళ్ళాలి. దాని మీద రత్నప్రభ సంతకం ఉండాలి.

ఆ మధ్యాహ్నం పోలయ్య వేళ్ళు తుడుచుకుంటూ పైకొచ్చాడు.

"అమ్మా, ఇది పల్చగైపోనాదమ్మా. నా ఏళ్ళకి తీగ సాగడం నేదు."

"లెక్క సరిగ్గానే ఉంది మేస్త్రీ. సగం చిక్కనిది, సగం పల్చనిది. మధ్యస్థంగా వస్తుంది."

"నూనెలకి నీ నెక్కలు తెలవవు కదమ్మా. బెల్లం పాకం సూడు. పాకం సెడగొట్టడానికి సెంబుడు నీళ్ళక్కర్నేదు, గుక్కెడు సాలు."

కింద లారీ హారను మోగింది. ధర్మారావు గారు మెట్ల దగ్గర నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. రత్నప్రభ ఒక్క నిమిషం కలం పట్టుకుని కూర్చుంది. తరవాత 'నూట పది' అని రాసి సంతకం పెట్టింది. నేను ఆమె ఎదురుగానే స్టాండుకు బిగించి ఉన్నాను, పొడిగా, ఖాళీగా. నన్నెవరూ ఏమీ అడగలేదు.

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి కరెంటు వచ్చింది. ఆమె చేసిన మొదటి పని తొట్టి వెచ్చబెట్టి, మిగిల్చిన నూనె నాలో పోయడం. నూట పది అయితే పదకొండు వందల సెకన్లు పట్టాలి, అంటే పద్దెనిమిది నిమిషాల పైన. ఆమె గడియారం నొక్కి, పక్కనే ఉన్న పుస్తకంలో ఏదో రాసుకుంటూ కూర్చుంది. ఎనిమిదో నిమిషంలో తల ఎత్తి చూసింది. నూనె అప్పటికే బుడగ అడుగుకు వచ్చేసింది. తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లకు కింది గీత దాటింది.

ఐదు వందల అరవై సెకన్లు. అంటే యాభై ఆరు. కావలసిన దానిలో సగం.

ఆమె నన్ను కడిగి, ఆరబెట్టి మళ్ళీ కొలిచింది. ఐదు వందల యాభై తొమ్మిది. అప్పుడు ధర్మారావు గారిని పిలిచింది. ఆయన ముఖం పాలిపోయింది. తప్పు బయటపడ్డప్పుడు మనుషులు మొదట చుట్టూ చూస్తారు, నోరులేనిది ఏదైనా దగ్గర్లో ఉందా అని. ఆయనకు నేను కనిపించాను.

"ఈ గొట్టం పాడైపోయి ఉంటుందమ్మా. గాజు వస్తువు. యజమాని మద్రాసు నుంచి వచ్చేదాకా ఆగుదాం. కొత్త గొట్టం తెప్పించి చూద్దాం."

ఆ మాటకు ఆమె తలూపి ఉంటే సరిపోయేది. ఆమె ఉద్యోగానికి, ఆయన మర్యాదకు, కర్మాగారం పేరుకు అదే అనువైన దారి. రత్నప్రభ పల్చని నూనె ఒక్కదాన్నే నాలో పోసింది. రెండు వందల సెకన్లు, ఇరవై. తరవాత చిక్కనిది పోసింది. అది అరగంట పైన తీసుకుంది. ఆ అరగంటా ఇద్దరూ నిలబడే ఉన్నారు. రెండు వేల సెకన్లు, రెండు వందలు.

"విడివిడిగా రెండిటికీ నిజం చెప్పింది సార్. కలిపినదానికి మాత్రం అబద్ధం చెబుతుందా?" అంది. "తప్పు గొట్టానిది కాదు, నాది. కొలవకుండా సంతకం పెట్టాను."

నేను గాజును. నాకు ఒళ్ళు పులకరించదు. కానీ ఆ మాటకు పులకరించే ఒళ్ళుంటే బావుండేదని మాత్రం అనిపించింది.

పల్చని నూనె పోసుకున్న ఇంజనులో ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. వేడెక్కి, నడిసముద్రంలో బిగుసుకుపోతుంది. పైగా తుపాను వెలిసిన సముద్రం. పడవలు ఆ మధ్యాహ్నం పోటుకు బయల్దేరతాయి. రేవులో ఫోను లేదు. ధర్మారావు గారు కారు ఇవ్వడానికి తటపటాయించాడు. ఆమె ఆగలేదు. నన్ను పెట్టెలో పెట్టి, సంచీలో వేసుకుని, కింద పోలయ్యను కేకేసి, రోడ్డు మీద రిక్షా ఎక్కింది. నన్నెందుకు తీసుకెళ్ళిందో ఇప్పటికీ నాకు తెలియదు. అక్కడ నీళ్ళతొట్టీ లేదు, కొలిచే వీలూ లేదు. సాక్షిని వెంట తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళింది.

దారిలో పోలయ్య ఒక్క మాటే అన్నాడు. "నాను మరి కొంచెం గట్టిగా సెప్పాల్సింది."

"మీరు చెప్పారు. నేనే వినలేదు" అంది రత్నప్రభ.

రేవులో పన్నెండు పడవలవాళ్ళు ఆ నూనె కొన్నారు. పడవల సంఘం పెద్ద ఎరుపల్లి నూకరాజు వల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆమె తిన్నగా అతని దగ్గరికి వెళ్ళి, జరిగింది చెప్పి, సంతకం ఉన్న కాగితం తాలూకు నకలు చేతికిచ్చింది. చుట్టూ జనం మూగారు.

"నూనె బాగోలేదని మీ కంపెనీ పంపినాదా నిన్ను?" అన్నాడు నూకరాజు.

"కంపెనీ పంపలేదండి. నేనే వచ్చాను. సంతకం నాది."

"సదువుకున్నోల్లు కదేటి! కొలవకుండా ఎలాగ సంతకం ఎట్టినావు? ఆ పడవల్లో ఉన్నది మనుసులనుకున్నావా, బుట్టలనుకున్నావా?"

ఆమె నిలబడింది. ఎండలో, ఆ తిట్లన్నీ తన చిరునామాకే వచ్చిన ఉత్తరాల్లా ఒక్కొక్కటీ అందుకుంటూ నిలబడింది. తిట్టడం అయ్యాక నూకరాజు లేచి, "నూనె దించీండ్రా!" అని అరిచాడు. పదకొండు పడవల్లో ఇంజన్ల అడుగు బిరడాలు విప్పారు.

పదకొండే. పన్నెండోది తెల్లవారగానే వెళ్ళిపోయింది. అందులో ఐదుగురు మనుషులు. పడవ నడిపేవాడు మసేను, పోలయ్య భార్యకు స్వయానా తమ్ముడు.

పోలయ్య ఆ మాట విని ఇసుకలో కూర్చుండిపోయాడు. నూకరాజు తన సొంత పడవకు పాత నూనె పోయించి, ఇంకో డబ్బా పడేసుకుని, ఇద్దరు మనుషులతో, మసేను వెళ్ళిన భీమిలి వైపు బయల్దేరాడు. రత్నప్రభ అక్కడే గట్టు మీద కూర్చుంది. ఎవరో ఓ ముసలమ్మ చేపలు ఎండబెట్టుకుంటూ, "నువ్వు ఇంటికెల్లమ్మా, ఎండ దెబ్బ తగలగల్దు" అంది. ఆమె కదల్లేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. మధ్యలో ఒకసారి పోలయ్య పక్కన వచ్చి కూర్చున్నాడు. వాళ్ళతో పాటు నేనూ సముద్రం శబ్దం విన్నాను. అంత నీటికి చిక్కదనం ఎంతో ఎవరికీ అక్కర్లేదు.

పొద్దు వాలుతుండగా రెండు చుక్కలు కనిపించాయి. దగ్గరికి వచ్చేకొద్దీ తెలిసింది. ముందు నూకరాజు పడవ, దాని వెనక మోకుతో కట్టిన మసేను పడవ. ఐదుగురూ పైనే ఉన్నారు. రత్నప్రభ లేచి నిలబడి వేళ్ళతో లెక్కపెట్టింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఆమెకు ఏ కొలతైనా రెండుసార్లు తీసుకోవడం అలవాటు. కానీ ఈసారి రెండో లెక్క సగంలో కళ్ళకు నీళ్ళడ్డం వచ్చాయి.

మసేను దిగీ దిగగానే బావను చూసి అరిచాడు. "ఏటి బావా, నూనమ్మినారా, నీళ్ళమ్మినారా? గంటలోన సూది పడిపోనాది. అది సూసి నాను ఇంజను ఆపీసినాను గానీ, నేకపోతే బిగిసిపోయేదే!"

నూనె ఒత్తిడి చూపే ముల్లు పడిపోవడం గమనించి, ఆ మొండివాడు ఇంజను ఆపి, గుడ్డ తెరచాప ఎత్తి కెరటాల మీద నిలదొక్కుకున్నాడు. ఒక బేరింగు అరిగింది. అంతకుమించి ఏమీ కాలేదు. తెలివైనవాళ్ళు చేసిన తప్పును అప్పుడప్పుడు జాగ్రత్తపరులు ఇలా మోసి ఒడ్డుకు చేరుస్తుంటారు.

పోలయ్య బావమరిదిని కావలించుకున్నాడు. రత్నప్రభ దూరంగానే నిలబడి, "క్షమించండి" అంది. మసేను ఆమెను ఎగాదిగా చూసి, ఎవరో తెలియక, "దేనికమ్మా?" అన్నాడు. తెలిశాక తన పడవ వైపు ఒకసారి తిరిగి చూశాడు. చివరికి, "రేపు మంచి నూన పంపు" అని వెళ్ళిపోయాడు.

మంచి నూనె ఎలా కలపాలి? మర్నాటి నుంచి వారం రోజులు ఆమె అదే పని మీద కూర్చుంది. పల్చనిది పది పాళ్ళు, చిక్కనిది తొంభై. తరవాత ఇరవై, ఎనభై. అలా పదేసి పాళ్ళు మారుస్తూ చిన్న సీసాల్లో కలిపి, ఒక్కొక్కటీ నాతో కొలిచింది. చుక్కలు గళ్ళకాగితం మీద పెట్టి చూస్తే అవి తిన్నని గీతలో లేవు. రెండు గుంజలకు వదులుగా కట్టిన తాడులా మధ్యలో కిందికి వేలాడాయి. రెండు నూనెలు కలిస్తే చెరిసగం పెత్తనం ఉండదు. పల్చనిదాని మాటే ఎక్కువ చెల్లుతుంది. పోలయ్య వేళ్ళకు తెలిసిందీ అదే, పాకం చేసేవాళ్ళందరికీ తెలిసిందీ అదే.

ఆ వేలాడే తాడును తిన్నగా లాగడం ఎలా? ఆమె కాలేజీనాటి లాగరిథమ్ పట్టికలు తెచ్చుకుంది. చిక్కదనాలను నేరుగా కాకుండా వాటి లాగరిథమ్‌లను గీసి చూసింది. తాడు దాదాపు బిగిసింది. ఆ లెక్క ప్రకారం నూటికి డెబ్బై నాలుగు పాళ్ళు చిక్కనిది కలపాలి. వెనకటి రత్నప్రభ అయితే అక్కడితో ఆగేది. ఈమె కలిపి, నాలో పోసి, గడియారం పట్టుకుని కూర్చుంది. తొంభై ఏడు వచ్చింది.

నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదటిసారి. "ఇంకా కొంచెం వేలాడుతోంది" అని తనలో తాను అనుకుని పాళ్ళు పెంచుకుంటూ పోయింది. డెబ్బై తొమ్మిది దగ్గర నేను వెయ్యీ తొంభై ఎనిమిది సెకన్లు తీసుకున్నాను. దాదాపు నూట పది. సీసా పట్టుకుని కిందికి పరుగెత్తింది. పోలయ్య వేళ్ళు ముంచి, విడదీసి, తీగ తెగేదాకా చూశాడు.

"ఇదమ్మా నూనంటే" అన్నాడు.

యజమాని మద్రాసు నుంచి వచ్చాడు. విచారణ పెట్టాడు. చెప్పకుండా రేవుకు వెళ్ళి కంపెనీ పరువు తీసిందని ఆయన కోపం. ఉద్యోగం తీసెయ్యడానికి కాగితం టైపు కూడా అయింది. ధర్మారావు గారు అప్పుడు చేసిన పని నేను మరిచిపోను. "సగం సగం కలపమన్నది నేను సార్. ఆ కాగితంలో నా పేరూ చేర్చండి" అన్నాడు. పాపం, గొట్టం పాడైందన్న రోజు నుంచీ ఆయనకు నిద్ర సరిగా పట్టినట్టు లేదు.

ఆ రోజే నూకరాజు మరో నలుగురితో కర్మాగారం గేటు దగ్గరికి వచ్చాడు. గొడవకొచ్చారనుకుని కాపలావాడు గేటు మూశాడు. నూకరాజు చువ్వల్లోంచే యజమానితో మాట్లాడాడు.

"ఇరవై ఏళ్ళనుంచి నూన కొంటన్నాం బాబూ. బాగునేదని కొన్నోళ్ళు సెప్పడమే గానీ, అమ్మినోళ్ళు పరుగెత్తుకొచ్చి సెప్పడం నానెరగను. ఆ యమ్మ కొలిసి సంతకమెడితేనే మాకు నూన. నేకపోతే వొద్దు."

యజమాని వ్యాపారి. టైపు చేసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తరవాత ఇరవై మూడేళ్ళు ఆమె చేతిలో పనిచేశాను. ఆ వంపుగీత కాగితానికి చట్రం కట్టించి ధర్మారావు గారు తన గదిలో తగిలించుకున్నాడు. వచ్చినవాళ్ళకు "మా పద్ధతి" అని చూపించేవాడు. రత్నప్రభ ఎన్నడూ కాదనలేదు. ఆ ఇరవై మూడేళ్ళలో ఎంత తొందర ఉన్నా, ఎవరు మెట్ల దగ్గర నిలబడ్డా, నా రెండు గీతల మధ్య నూనె పూర్తిగా దిగేదాకా ఆమె కలం మూత తియ్యలేదు.

రెండు వేల ఒకటిలో మీట నొక్కితే అంకె చెప్పే యంత్రం వచ్చింది. చాలా మంచి యంత్రం. నాకు పట్టిన సమయంలో పాతిక నూనెలు కొలుస్తుంది. పాత సామాను తీసెయ్యడానికి హైదరాబాదు నుంచి ఒక కుర్ర అధికారి వచ్చాడు. ప్రతి వస్తువుకూ ఒక వరుస ఉన్న ఫారం ఇచ్చి, "అన్నిటికీ 'పనికిరాదు' అని రాసి సంతకం పెట్టండి మేడమ్. తుక్కుకి పంపేస్తాం" అన్నాడు.

రత్నప్రభ అప్పటికి ప్రయోగశాల అధికారిణి. జుట్టు నెరిసింది. చిరిగిన రబ్బరు గొట్టాలకు, ఆగిపోయిన గడియారాలకు 'పనికిరాదు' అని రాసుకుంటూ పోయింది. 417 దగ్గరికి వచ్చి ఆగింది. నన్ను పెట్టెలోంచి తీసి, కడిగి, నీళ్ళతొట్టి వెచ్చబెట్టి, కొత్త యంత్రంతో అప్పుడే కొలిచిన నూనె నాలో పోసింది. కుర్ర అధికారి బస్సు టైమవుతోందని రెండుసార్లు చెప్పాడు. ఆమె వినలేదు. పద్దెనిమిది నిమిషాలు గడిచాయి. నా అంకె, యంత్రం అంకె ఒకటే.

అప్పుడు కలం మూత తీసి, నా వరుసలో ఇలా రాసింది: 'పనిచేస్తుంది. వాడేవాళ్ళు లేరు.'

పనిచేసే వస్తువును తుక్కుకు పంపడానికి నిబంధన ఒప్పుకోదు. వాడేవాళ్ళు లేని వస్తువును బల్ల మీద ఉంచడానికీ ఒప్పుకోదు. అందుకని బీరువా పై అరలో పెట్టారు. రత్నప్రభ పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. ఏటా ఒకరు జాబితా పట్టుకుని వస్తారు, పెట్టె తెరుస్తారు, నా ఒంటి మీద అంకె చూస్తారు, జాబితాలో ఆమె రాసిన మాటలు చదువుతారు, కొట్టెయ్యడానికి కారణం దొరక్క టిక్కు పెట్టి మూసేస్తారు. చీకట్లో నాకు దిగులేమీ లేదు. ఆమె నా గురించి రెండు మాటలు రాసింది, రెండూ కొలిచే రాసింది.